బుగ్గ మెట్ల పట్టుకొయ్య

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. మబ్బు కొండ నడుం దాకా దిగి అక్కడే కూలబడింది. వేన్నీళ్ళ బుగ్గ నుంచి లేచిన ఆవిరి పోయి దాంట్లో కలిసింది. ఏది మబ్బో ఏది ఆవిరో తేల్చి చెప్పడానికి లేదు. పెరట్లో తాడు మీద నిన్న ఆరేసిన బట్టలు నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఇంట్లోనూ అదే వరస. ఎవరూ అరవడం లేదు. ఎవరూ మాట్లాడుకోవడమూ లేదు.

హాలు మధ్యలో పొడుగాటి టేకు కొయ్య ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా పడి ఉంది. బుగ్గలోకి దిగే మెట్ల పక్కన ఇన్నేళ్ళూ జనం పట్టుకుని దిగిన పట్టుకొయ్య అది. దాన్ని కూతురు ఊడదీసిందని తెలిసిన పూటే నునుపు మేస్త్రి బండి మాట్లాడి ఇంటికి తెప్పించాడు. హాల్లో అడ్డంగా వేయించాడు. గోడకి ఆనించమని ఎవరైనా అంటారేమో, అంటే నాలుగు దులుపుదామని చూశాడు. ఎవరూ అనలేదు.

అప్పట్నుంచి వంటింట్లోకి వెళ్ళాలన్నా వీధిలోకి వెళ్ళాలన్నా దాన్ని దాటాల్సిందే. తల్లి దాటుతోంది. కూతురు దాటుతోంది. మెట్ట ఊరి నుంచి వచ్చిన కొడుకూ దాటుతున్నాడు. మేస్త్రికే మోకాలు అంత ఎత్తు లేవదు. గోడ పట్టుకుని నిలబడి, రెండో చేత్తో పాంటు పట్టుకుని కాలు ఎత్తి అవతల పెట్టి, మళ్ళీ రెండో కాలు. అడ్డం వేయించింది తనే కాబట్టి తియ్యమనడానికి నోరు రావడం లేదు.

నునుపు మేస్త్రి అన్న పేరు ఊరు పెట్టింది. ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద ఈగ వాలితే జారి పడుతుందని వేళాకోళం. ఆ వేళాకోళాన్ని ఆయన బిరుదులా మోశాడు. బుగ్గ మెట్ల కొయ్య ఆయన పనితనానికి పరాకాష్ఠ. అద్దంలా ఉండేది. కీళ్ళ నొప్పుల వాళ్ళు దాని మీద గుడ్డ పేలికలు కట్టుకుని, ఆ గుడ్డ పట్టుకుని దిగేవాళ్ళు. మేస్త్రి కంటబడితే ఆ పేలికలు చించి పారేసేవాడు. పారేయడమంటే నిజంగా పారేయడం కాదు. కొట్టుకి తెచ్చుకుని ఉతికి, వాటితోనే మళ్ళీ ఆ కొయ్యకి నూనె పట్టించేవాడు.

కూతురు చిన్నప్పట్నుంచీ ఆ పేలికల మధ్యే పెరిగింది. తండ్రి పక్కనే ఉలి పట్టింది. ఈమధ్య తండ్రి చేతివేళ్ళ కణుపులు ఉబ్బి, ఉలి బిగించి పట్టడం మానేశాక కొట్టు ఆమెదే. చిన్నమేస్త్రీ అని ఊరు పిలుస్తుంది. తండ్రి ఎప్పుడూ పిలవలేదు.

కొన్నాళ్ళ కిందట ఒక ముసలి దర్జీ ఆవిడ ఆ కొయ్య మీద చెయ్యి జారి నీళ్ళలో పడింది. మణికట్టు చిట్లింది. బుగ్గ మేనేజరు మేస్త్రి లేని సమయం చూసుకుని కొట్టుకొచ్చి, కొయ్య మార్చమని కూతుర్ని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. తండ్రికి చెప్పి చేసి ఉంటే చేయనిచ్చేవాడు కాదు. చెప్పకుండా చేసింది కాబట్టి ఇప్పుడు మాట్లాడడం లేదు.

* * *

అసలు గొడవ పట్టుకొయ్య దగ్గరే ఆగి ఉంటే ఎలాగో సర్దుకునేది.

కొడుక్కి మెట్ట ఊళ్ళో లారీల రిపేరు షెడ్డు ఉంది. అక్కడ గాలి పొడి. ఈ తేమ మీ కీళ్ళకి పగ నాన్నా, గోడలకి కూడా చెమట పడుతోంది చూడండి, నా దగ్గరికి వచ్చెయ్యండి అని ఏడాదిగా పోరుతున్నాడు. ఎండిన చోట చెక్క పగులుతుందిరా, నన్ను కూడా పగలగొడతావా అని మేస్త్రి కొట్టిపారేసేవాడు. డాక్టరు గారిని అడిగితే ఆయన ఎటూ మొగ్గలేదు. తేమలో ఒకరికి నొప్పి ఎక్కువవుతుంది, ఇంకొకరికి అవదు, గాలి మార్చినంత మాత్రాన జబ్బు పోతుందని నేను రాసివ్వలేను అన్నాడు. వేన్నీళ్ళూ అంతే, జబ్బుని పోగొట్టవు, కాసేపు పట్టు సడలిస్తాయి, ఆ కాసేపట్లో చేతులు ఆడించుకోండి అన్నాడు. ఆ కాసేపు మేస్త్రికి చాలేది. పొద్దున బుగ్గలో మునిగొచ్చి, మధ్యాహ్నం దాకా కొట్లో ఏదో ఒకటి సవరిస్తూ ఉండేవాడు.

కొయ్య ఊడిన రోజు నుంచి బుగ్గకి వెళ్ళడం మానేశాడు. చేతులు కొయ్యబారాయి. చొక్కా గుండీలు భార్య పెడుతోంది. నిన్న సాయంత్రం కొడుకు మళ్ళీ అదే మాట ఎత్తి, రేపు బస్సుకి వెళ్దామా అన్నాడు. కొట్టిపారేస్తాడని అందరూ చూశారు.

"ఊఁ, వెళ్దాం," అన్నాడు మేస్త్రి.

ఆ ఊఁ కూతురికి తగలాలనే అన్నాడు. తగిలింది.

ఈ పొద్దున తల్లి సామాన్లు సర్దుతోంది. చొక్కాలు, దుప్పటి, మందుల సంచి. వాటన్నిటికీ ముందు మేస్త్రి పనిముట్ల పెట్టెకి తాడు కట్టి వీధి గుమ్మం దగ్గర పెట్టింది.

పెట్టె ఎందుకమ్మా, అక్కడ ఆయన ఏం పని చేస్తాడు అని కొడుకు అడిగాడు.

"అది లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఉంటే తెరవడు. ఉండనీ," అంది తల్లి.

కూతురు కొయ్య దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కడికి తీసుకెళ్ళి ఏం చేస్తావన్నయ్యా?"

"కూచోబెడతాను."

"కూచోవడం ఆయనకి రాదు."

"నేర్చుకుంటాడు. నువ్వు నిలబెట్టింది చాల్లే. ఆయన జీవితమంతా చూసుకుని మురిసిన పనిని ఊడబెరికి పక్కన పడేశావు. పోనీ, ఒక్కమాట చెప్పావా?"

కూతురి దగ్గర దీనికి జవాబు ఉంది. నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఏడాది పైగా తండ్రి ఆ కొయ్య పట్టుకోవడం లేదు. బుగ్గ దగ్గర పనిచేసే నీళ్ళక్క భుజం మీద చెయ్యి వేసి, ఏవో కబుర్లు చెబుతూ, ఆ కబుర్ల కోసమే ఆమె పక్కన నడుస్తున్నట్టు దిగుతాడు. సొంత కొయ్య సొంత చేతికి జారిపోతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. కూతురు చూసింది. నీళ్ళక్క చూసింది. తల్లి చూడకుండానే కనిపెట్టింది.

ఆ మాట ఇప్పుడు అంటే అన్న నోరు మూతబడుతుంది. లోపల గదిలో మంచం మీద కూచున్న మనిషి తల కూడా వంగుతుంది. తండ్రి తల వంచి గెలవడం ఆమెకి నచ్చలేదు. తన పని తన తరఫున మాట్లాడాలి గాని, తను మాట్లాడకూడదు. ఆ పొగరు ఎవరి పోలికో ఇంట్లో అందరికీ తెలుసు.

"చెప్పలేదు," అంది.



* * *

అప్పుడు లోపల్నుంచి మేస్త్రి గొంతు వినిపించింది. భార్యతో అంటున్నట్టు అన్నాడు గాని, ఇల్లంతా వినేటట్టు అన్నాడు. పోయేలోపు ఒకసారి బుగ్గకి వెళ్ళొస్తాను, స్నానానికి కాదు, అక్కడ ఏం వెలగబెట్టారో కళ్ళారా చూసి పోదామని.

తల్లి గుమ్మం వైపు తిరిగి, "మీ నాన్న బుగ్గకి వెళ్తాడట," అంది.

"విన్నానమ్మా. లోపల వెలుతురు తక్కువ, టార్చిలైటు తీసుకెళ్ళమను."

"టార్చి తీసుకెళ్ళమంటోంది."

"నాకు కళ్ళున్నాయని చెప్పు."

"కళ్ళున్నాయట," అంది తల్లి. టార్చి తీసి కూతురి చేతిలో పెట్టింది.

స్నానానికి కాదన్న మనిషి తువ్వాలు మాత్రం భుజాన వేసుకున్నాడు. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

వీధిలో ఆయన ముందు, ఆమె వెనక. బుగ్గకి పోయే దారి వాలుగా ఉంటుంది. రాళ్ళ మీద తడి. మోకాలు మొరాయించినప్పుడల్లా మేస్త్రి ఏదో ఒక తలుపు ముందు ఆగేవాడు, దాన్ని చూడ్డానికే ఆగినట్టు. ఆ వీధిలో తలుపులన్నీ ఆయన చేసినవే. ఈ తేమకి తలుపు ఉబ్బి గడపకి పట్టేస్తుంది. ఎంత సందు వదలాలో, ఏ అంచు పల్చన చెయ్యాలో ఆయనకే తెలుసు. రొట్టెల కొట్టు తలుపు దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఈ ఏడు కూడా పట్టలేదు అని తలుపుతో అన్నాడు. ఆమె కూడా వెనక ఆగింది. పట్టకపోవడానికి కారణం పోయిన వానల్లో తను వచ్చి కింద అంచు చిత్రిక పట్టి పోవడమే. ఆ సంగతి తలుపూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు.

బుగ్గ లోపల గంధకం వాసన, అప్పుడే అగ్గిపుల్ల గీసినట్టు. పొద్దుటి జనం వెళ్ళిపోయారు. గోడవార బల్ల మీద దర్జీ ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. నీళ్ళక్క మెట్లు తుడుస్తూ మేస్త్రిని చూసి చీపురు పక్కన పెట్టింది. రండి మేస్త్రీ, ఇన్నాళ్ళూ నల్లపూసైపోయారు అంది. ఆ భుజం అలవాటుగా ఆయన వైపు తిరిగింది.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. కొత్త కొయ్యనే చూస్తున్నాడు.

కూతురు ఆయన చూపునే చూస్తోంది. పదిమందీ మెచ్చుకున్నా ఆమెకి లెక్కలేదు. ఈ చూపు ఒక్కటి దాటితే చాలు. దాటకపోతే సాయంత్రం బస్సు ఉండనే ఉంది.

కొయ్య గుండ్రంగా లేదు. అడుగున గుండ్రం, పైన బల్లపరుపు, మోచెయ్యి పరుచుకునేంత వెడల్పు. పాలిష్ లేదు. చిత్రిక గీతలు అలాగే కనిపిస్తున్నాయి. కింది వైపు వేళ్ళు ఆనడానికి అడ్డంగా గాళ్ళు తీసి ఉన్నాయి.

మేస్త్రి వేలి కొసతో ముట్టుకోలేదు. మోటుగా ఉన్న చెక్కని ఆయన ఎప్పుడూ మునివేళ్ళతో ముట్టుకోడు. చెయ్యి తిరగేసి, వెనక వైపుతో రాశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు.

చిత్రిక గీతలు కూడా తియ్యలేదు అన్నాడు నీళ్ళక్కతో. కావాలనే ఉంచిందట అంది నీళ్ళక్క. కావాలని ఉంచడం వేరు, బద్ధకానికి ఉంచడం వేరు అన్నాడు. ఏదో తేల్చుకోండి మరి, మీరే చూస్తున్నారుగా అంది ఆవిడ.

తర్వాత అతుకులు చూశాడు. గోడకి బిగించిన కొక్కేలు చూశాడు. టార్చి అడగలేదు. కూతురే వెనక నుంచి వెలుతురు వేసింది. వద్దనలేదు. అన్నీ ఇత్తడి మరమేకులే, తలలు చెక్కలోకి దిగి ఉన్నాయి. ఇక చివరి కొక్కెం ఒక్కటే మిగిలింది. అది నీళ్ళ అడుగున ఉంది.

"అడుగుది చూడకుండా ఎలా," అని గొణిగాడు. తువ్వాలు చుట్టుకుని, చొక్కా విప్పి బల్ల మీద పడేశాడు. చొక్కా విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు.

మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. నీళ్ళక్క భుజం పక్కకి వచ్చింది. ఆ భుజాన్ని ఆయన చూశాడో లేదో గాని, చెయ్యి అటు వెళ్ళలేదు. కొయ్య మీద మోచెయ్యి పరిచాడు. ఒళ్ళంతా దాని మీద వాల్చాడు. ఒక మెట్టు దిగాడు. కొయ్య కదల్లేదు, చెయ్యి జారలేదు. ఇంకో మెట్టు. నీళ్ళు పిక్కలు దాటాయి, నడుం దాటాయి.

అక్కడ ఆగాడు. వాల్చిన మోచేతిని చూసుకున్నాడు. మోచేతి కింది కొయ్యని చూశాడు. ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టు, ఎప్పుడు వచ్చానా అని గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది ఆ మొహం.

"ఈ ఎత్తు ఎక్కడిది?"

కొయ్య ఊడినాక కూతురితో ఆయన అన్న మొదటి మాట అది.

"మన బల్లది," అంది ఆమె.

కొట్లో పని బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడు ఆయన అరచెయ్యి మోపడం మానేసి చాలాకాలమైంది. పిడికిలి మూతపడదు, అరచేతి మీద బరువు వెయ్యలేడు. మోచెయ్యి పరిచి లేస్తాడు. ఆ లేవడాన్ని రోజూ చూసి, ఆయన స్నానానికి వెళ్ళిన పూట బల్ల ఎత్తు, వెడల్పు కొలిచి తెచ్చుకుంది. ఇదంతా ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆయన నీళ్ళలోకి చెయ్యి పెట్టి, కొక్కెం తడిమాడు.

"అడుగువి ఇనుప మరమేకులు."

"ఇత్తడివి అయిపోయాయి. వచ్చాక మారుద్దామని."

"ఈ నీళ్ళు ఇనుముని తినేస్తాయని నీకు చెప్పలేదా?"

"చెప్పావు."

"మరి?"

"జనం బయట నిలబడున్నారు నాన్నా. పట్టుకోడానికి ఏమీ లేక ఎవరూ దిగలేకపోయారు."

 ఒక్క మరమేకు చూడ్డానికి అంతసేపు నీళ్ళలో ఎందుకుండాలో ఆయనకే తెలియాలి. ఉన్నాడు. వేళ్ళు నీళ్ళలో ఒక్కొక్కటే చాపి, మూసి, చాపి చూసుకున్నాడు.

ఈలోగా దర్జీ ఆవిడ లేచి వచ్చింది. అలవాటు కొద్దీ భుజాన ఉన్న గుడ్డ తీసి కొయ్య మీద వేసింది. బాగున్న చేత్తో అదిమి చూసింది. గుడ్డ తీసి మళ్ళీ భుజాన వేసుకుంది. ఇన్నేళ్ళలో కొయ్య మీంచి ఆయన చించకుండా పోయిన గుడ్డ అదొక్కటే.

"ఇది మీ చేతి పనేనా మేస్త్రీ?" అని అడిగింది.

కూతురు టార్చి ఆర్పేసింది.

"మా కొట్టుది," అన్నాడు మేస్త్రి.

"ముందుదీ మీ కొట్టుదేగా," అంది ఆవిడ. కోపంగా కాదు. కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ నవ్వింది కూడా. ఆయన కొంచెం పక్కకి జరిగి, కొయ్య దగ్గర ఆవిడకి చోటిచ్చాడు.

* * *

వచ్చేటప్పుడు కూడా ఆయన ముందు, ఆమె వెనక. తలుపుల దగ్గర ఆగలేదు. చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నాడు, గొంతు దగ్గరిది తప్ప.

మా కొట్టుది అన్న మాట కూతురు దారంతా నమిలింది. నా కూతురు చేసింది అని అనలేదు. అలాగని కాదనీ అనలేదు. ఆ కొట్టులో తనెంత, ఆయనెంత? ఒకసారి తీపిగా అనిపించింది, ఇంకోసారి పంటికింద రాయిలా తగిలింది.

ఇంట్లో తల్లి కంచాలు పెట్టేసింది. కొడుకు బస్సు వేళ గుర్తు చేశాడు, తిన్నాక కాస్త నడుం వాల్చి బయల్దేరవచ్చు అన్నాడు. మేస్త్రి హాల్లో కొయ్య ముందు నిలబడ్డాడు. గోడ పట్టుకోలేదు, పాంటు పట్టుకోలేదు. మోకాలు లేచింది. దాటాడు.

కొడుకు వచ్చిన దగ్గర్నుంచీ మేస్త్రి అందరితో కూచుని తినలేదు. ఆకలి లేదనేవాడు, తర్వాత పెరటి గుమ్మంలో జావ గిన్నె రెండు చేతుల్తో ఎత్తుకుని తాగేవాడు. వేళ్ళు ముద్ద కలపనివ్వవు, సన్నకాడ చెంచా వాటిలో నిలవదు. అది కొడుకు చూడకూడదు. ఇవాళ తిన్నగా వచ్చి తన చోట్లో కూచున్నాడు. చెంచా ఎత్తాడు. అది తిరిగిపోయి కంచంలో పడింది.

ఎవరూ తల ఎత్తలేదు.

ఆయన లేచాడు. మళ్ళీ కొయ్య దాటి వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. పనిముట్ల పెట్టె ముందు మోకాలి మీద వంగి, తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. కొడుకు లేవబోయాడు. తల్లి చూసిన చూపుకి మళ్ళీ కూచున్నాడు. ముడి బిగువుగా ఉంది. ఆయన తొందరపడలేదు. నీళ్ళ సడలింపు ఇంకా వేళ్ళలో ఉంది, అది ఎంతసేపు ఉంటుందో ఆయనకి తెలుసు. ముడి విడింది.

పెట్టెలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. ఉతికి మడిచి పెట్టిన నీలంగళ్ళ పేలిక ఒకటి తీశాడు. ఆ పేలిక ఏనాడో, ఎవరో బుగ్గ మెట్ల కొయ్యకి కట్టుకున్నది. ఆయన చించి తెచ్చినది.

వచ్చి కూచున్నాడు. పేలికని చెంచా కాడకి చుట్టాడు. ఒక చుట్టు వదులైతే విప్పి మళ్ళీ చుట్టాడు. చివర లోపలికి దోపాడు. కొడుకు కంచంలోకి చూస్తూ చూస్తూ, ఆ చేతులకేసి చూడకుండా ఉండలేకపోయాడు.

తర్వాత మేస్త్రి రేకు డబ్బా మూత తీసి, ఇత్తడి మరమేకులు గుప్పెడు కూతురి కంచం పక్కన పోశాడు. కొత్తవి, పసుపుగా మెరుస్తున్నాయి.

ఆమె వాటిని చూసింది. రేపు మనం బిగిద్దాం అని ఇచ్చాడా, నేను పోతున్నాను, ఇక నువ్వే బిగించుకో అని ఇచ్చాడా? ఆయన మొహం చూస్తే తెలియలేదు. అడిగితే తెలిసేది. అడగలేదు. ఆయన కూడా అడిగించుకునే మనిషి కాదు.

గుమ్మం దగ్గర పెట్టె మూత తెరిచే ఉంది. పక్కన సర్దిన సంచులు సర్దినట్టే ఉన్నాయి. కొడుకు ఒకసారి గోడ గడియారం వైపు చూసి, కంచం ముందుకి లాక్కున్నాడు. తల్లి అందరికీ వడ్డించి, తనూ వడ్డించుకుంది.

చాలా రోజుల తర్వాత నలుగురూ ఒక్కచోట తిన్నారు. ఎవరూ మాట్లాడలేదు. పెరట్లో బట్టలు ఇంకా ఆరలేదు. మేస్త్రి చెంచా మళ్ళీ కంచంలోకి దిగింది, నిండుగా పైకి లేచింది. జారలేదు.